బొమ్మలు ఏడిస్తే మనకేం?

"బొమ్మలు ఏడిస్తే నాకు ఏడుపు రాదండీ" అని తేల్చేశారు ఆయన. వేరే ఎవరైనా అంటే పట్టించుకునేవాణ్ణి కాదు. కానీ ఆయన కథలు రాస్తారు, అదీ మంచి కథలు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఈ మధ్య చదివినవాటిలో, చూసినవాటిలో బాగా పట్టుకున్న కథ ఏమిటని ఫోన్లో అడిగితే నేను 28 ఎపిసోడ్ల జపనీస్ అనిమే ఒకదాని పేరు చెప్పాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత వచ్చింది ఈ తీర్పు.

ఆయన వాదన కొట్టిపారేయాల్సింది కాదు. అనిమేలో మొహాలన్నీ ఒకేలా ఉంటాయి. సగం మొహం కళ్ళు, ముక్కు ఒక గీత, జుట్టు రంగు చూసి ఎవరెవరో గుర్తుపట్టుకోవాలి. అరుపులు ఎక్కువ. కథ ముగియదు, సాగుతుంది. కుర్రాడు మొదటి ఎపిసోడ్‌లో ఎలా ఉన్నాడో ఐదువందలో ఎపిసోడ్‌లోనూ అలాగే ఉంటాడు, కాకపోతే చేతిలోంచి వచ్చే మెరుపు రంగు మారుతుంది. కథనం లేదు, పాత్రల ఎదుగుదల లేదు, ఉన్నదంతా హడావిడి. ఇదీ ఆయన అభియోగం. ఇందులో సగం నిజం. ఆ సగాన్ని ఒప్పుకుంటూనే మిగతా సగం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు నా సంగతి. నేను అభిమానిని కాను. గోడమీద పోస్టర్లు లేవు, బీరువాలో బొమ్మలు లేవు. మేం ఉండేది లోవర్ హట్‌లో. వెల్లింగ్టన్‌కి రైల్లో ఇరవై నిమిషాలు. నదికి అటూ ఇటూ పరుచుకున్న ఊరు, రెండువైపులా కొండలు. శీతాకాలం దక్షిణపు గాలి మొదలైందంటే సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది, ఇక తలుపులేసుకుని కూర్చోవడమే. అలాంటి సాయంత్రాల్లో మా అమ్మాయి పక్కన కూర్చుని ఆరేళ్ళుగా చూస్తున్నాను. మొదట్లో అది ఏం చూస్తోందో ఓ కన్నేసి ఉంచుదామని కూర్చున్నవాణ్ణే. ఇప్పుడు దానికి పదిహేనేళ్ళు. స్కూల్లో జపనీస్ తీసుకుంది. ఈ ఊరికి జపాన్‌తో చుట్టరికం కూడా ఉందిలెండి, ఒసాకా పక్కనున్న మినో మాకు సోదర నగరం. ఆర్మగెడాన్ ఎక్స్‌పో జరిగే రోజుల్లో వెల్లింగ్టన్ వెళ్ళే రైలెక్కితే, గులాబీరంగు విగ్గూ అట్టముక్క కత్తీ పెట్టుకున్న పిల్లల మధ్య నాలాంటివాడే విచిత్ర వేషంలా కనిపిస్తాడు.

అసలు మా తరం అనిమే చూడలేదనుకోవడం ఉత్తమాట. తొంభైల్లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో మోగ్లీ కోసం కాచుక్కూచున్నవాళ్ళందరూ చూసింది అనిమేనే. నిప్పన్ యానిమేషన్ వాళ్ళు 1989లో తీసిన 52 భాగాల 'జంగిల్ బుక్' అది. హిందీలోకి తెచ్చి, గుల్జార్ చేత ఓ పాట రాయించేసరికి మనదైపోయింది. టైటిల్స్‌లో పేర్లు చదివే అలవాటు ఎవరికుంది? అలాగే యూగో సాకో, కోయిచి ససాకి, మన రామ్మోహన్ కలిసి తీసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. 1992లో పూర్తయిన ఆ సినిమా టీవీలో చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. 2025 జనవరి 24న తెలుగు డబ్బింగుతో సహా మళ్ళీ థియేటర్లకి వచ్చింది కూడా. మన రాముణ్ణి జపాన్ వాళ్ళు గీస్తే మనకి పరాయిగా అనిపించలేదు. మా చుట్టాలింట్లో పిల్లలైతే డోరేమాన్, షిన్‌చాన్ తెలుగువాళ్ళే అనుకుంటూ పెరిగారు.

ఇక బొమ్మల ఏడుపు సంగతి. బొమ్మ ఏడిస్తే జనం ఏడుస్తారా అన్న ప్రశ్న తోలుబొమ్మలాట పుట్టిన నేల మీద అడగాల్సింది కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలు గీకి, ఎండబెట్టి, రంగులద్ది, చిల్లులు పొడిచి బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ సీత బొమ్మని ఎప్పుడైనా దగ్గరగా చూడండి. మొహం పక్కకి తిరిగి ఉంటుంది, ఒక పెద్ద కన్ను, అంతే. పెళ్ళిలోనూ అదే మొహం, అశోకవనంలోనూ అదే మొహం. ఏడుపు ఎక్కడినుంచి వస్తుంది? వెనకనించి పాడేవాడి గొంతులోంచి, దీపం ముందు బొమ్మని కొద్దిగా వణికించడంలోంచి, తెరకి ఎంత దగ్గరగా పెట్టాలో తెలిసిన చేతిలోంచి. మిగతాది చూసేవాడు నింపుకుంటాడు. ఇంకో సంగతి. అనిమేలో బరువైన సన్నివేశం మధ్యలో ఉన్నట్టుండి పాత్రలు గుండ్రటి మొహాలతో, పొట్టి కాళ్ళతో వెకిలి వేషాలు వేస్తే చాలామంది పెద్దవాళ్ళకి చిరాకు. రామాయణం మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి మోటుహాస్యం ఆడిపోయేది ఎందుకో మన తాతలకి తెలుసు.

అనిమే ఇలా కదలని మొహాలతో కథ చెప్పడం వెనక ఒక ఆర్థిక కారణం ఉంది. నిండుగా చేసే యానిమేషన్‌లో సెకనుకి పన్నెండు నుంచి ఇరవై నాలుగు బొమ్మలు గీస్తారు. ఒసాము తెజుకా 1963 జనవరి 1న 'ఆస్ట్రో బాయ్' టీవీ సీరియల్ మొదలుపెట్టినప్పుడు వారానికి ఒక భాగం ఇవ్వాలి. డబ్బు లేదు, వ్యవధి లేదు. బొమ్మల సంఖ్య బాగా తగ్గించారు. గీసినవే దాచుకుని మళ్ళీ వాడారు. మొహం కదలకుండా పెదాలు మాత్రం కదిపారు. కదలిక తగ్గినచోట ఇంకేదో ఆ బరువు మోయాలి కదా. కెమెరా ఎక్కడ పెట్టాలి, గొంతు ఎక్కడ ఆగాలి, ఖాళీ గదిని ఎంతసేపు చూపించాలి అన్నవాటి మీద దృష్టి పడింది. మామూలు మాటల్లో చెప్పాలంటే రచన మీద పడింది. లేమిలోంచి పుట్టిన పద్ధతి తర్వాత శైలి అయింది.

మియజాకి దగ్గర డబ్బూ ఉంది, బొమ్మలూ ఉన్నాయి. అయినా ఆ నిశ్చలతని వదులుకోలేదు. అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఈ సంగతి అడిగితే ఆయన చప్పట్లు కొట్టి చూపించి, రెండు చప్పట్ల మధ్య ఉన్న ఖాళీకి జపనీస్‌లో 'మా' అని పేరుందని చెప్పారు. సంగీతం తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. 'స్పిరిటెడ్ అవే' 2001లో వచ్చింది, 2003లో ఆస్కార్ తీసుకుంది. అందులో చిహిరో అనే పదేళ్ళ పిల్ల ఉంటుంది. సినిమా మొదలయ్యేసరికి కారు వెనక సీట్లో కాళ్ళు చాపుకుని, మూతి ముడుచుకుని పడుకుని ఉంటుంది. కొంతసేపటికి కొండని అంటిపెట్టుకున్న చెక్క మెట్లు దిగాల్సి వస్తుంది. ఒక్కో మెట్టూ పిరుదుల మీద జారుతూ, గోడ పట్టుకుని, భయంతో దిగుతుంది. తర్వాత ఎప్పుడో, స్నేహితుడి ప్రాణం మీదికొచ్చినప్పుడు, కూలిపోతున్న గొట్టం మీద పరిగెడుతుంది. "నేను ధైర్యవంతురాలినయ్యాను" అని ఎవరూ అనరు. ఆ పిల్ల కూడా అనదు. మెట్లు దిగిన తీరూ గొట్టం మీద పరుగూ పక్కపక్కన పెట్టుకునేది మనం. కథల వర్క్‌షాపుల్లో చెప్పకుండా చూపించమని పదేపదే పోరుతుంటారే, దానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ నా దగ్గర లేదు. ఇదంతా అయ్యాక తల్లిదండ్రులకి ఏమీ గుర్తుండదు. జుట్టుకి కట్టుకున్న రబ్బరు బ్యాండు ఒక్కటే మెరుస్తుంది.

'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' గురించి రాయడం కష్టం. ఇసావో తకహత 1988లో తీశారు. అకియుకి నొసాక రాసిన కథ ఆధారం. మియజాకి 'టొటోరో'తో కలిపి ఒకే టికెట్టు మీద విడుదల చేశారట, ఆరోజు పిల్లల్ని తీసుకెళ్ళిన తల్లిదండ్రుల్ని తలుచుకుంటే జాలేస్తుంది. యుద్ధకాలపు కోబే నగరంలో తల్లి పోయిన ఒక అన్నా, నాలుగేళ్ళ చెల్లీ. అన్న చచ్చిపోవడంతోనే సినిమా మొదలవుతుంది కాబట్టి చివరికేమవుతుందో అన్న ఉత్కంఠ ఉండదు. ఎలా అవుతుందన్నదే మిగులుతుంది. అందరూ దీన్ని ఏడిపించే సినిమా అంటారు. నాకు కనిపించేది వేరు. సేత అనే ఆ కుర్రాడికి పద్నాలుగేళ్ళు, నౌకాదళ అధికారి కొడుకు, అభిమానం ఎక్కువ. ఆశ్రయమిచ్చిన బంధువులావిడ సూటిపోటి మాటలంటుంది. అవి పడలేక చెల్లెల్ని తీసుకుని చెరువు పక్కన పాడుపడిన సొరంగంలో కాపురం పెడతాడు. మొదటిసారి చూస్తే ఆవిడ రాక్షసిలా ఉంటుంది. రెండోసారి చూస్తే, రేషన్ బియ్యంతో ఇంటిల్లిపాదికీ వండిపెట్టాల్సిన ఆడమనిషిలా ఉంటుంది. కుర్రాడి అభిమానమే చెల్లెలి ప్రాణం తీసిందా అన్న ప్రశ్న సినిమాలో ఎవరూ అడగరు, కానీ అది అక్కడే కూర్చుని ఉంటుంది. వాడిది ప్రేమ, వాడిది పొగరు, రెండూ ఒకటే పదార్థం. ఇలాంటి పాత్ర పెద్ద నవలల్లో తగిలితే మనం పేజీల కొద్దీ వ్యాసాలు రాస్తాం.

ఇవి సినిమాలు, రెండు గంటల్లో చెప్పేసేవి. మిత్రుడి ఆరోపణ అసలు సీరియల్స్ మీద. అక్కడ ఆయన సగం నిజం మొదలవుతుంది.

టీవీ అనిమేల్లో చాలా భాగం మంగా పత్రికల్లోంచి వచ్చినవి. 1968లో మొదలైన 'షోనెన్ జంప్' లాంటి పత్రికలు పాఠకుల ఓట్లు చూసి ఏ సీరియల్ ఉండాలో ఏది పోవాలో నిర్ణయిస్తాయి. వారం వారం బతకాలి. ప్రతి ఇరవై పేజీలకీ ఒక కుదుపు ఉండాలి. మన వారపత్రికల సీరియల్ రోజుల్ని చూసినవాళ్ళకి ఇది బాగా తెలిసిన వ్యవహారం. 'తులసిదళం' కోసం ఆంధ్రభూమి వచ్చే రోజు కిళ్ళీకొట్టు దగ్గర నిలబడ్డ తరం ఇంకా ఉంది. ఆదరణ ఉన్నంతకాలం కథని ఆపడం ఎవరికీ ఇష్టం ఉండదు. 'నరుటో' రెండు భాగాలూ కలిపి 720 ఎపిసోడ్లు. 'వన్ పీస్' 1999లో మొదలై ఇంకా నడుస్తోంది. మంగా వెనకబడి అనిమే ముందుకొచ్చేస్తే మధ్యలో అతుకుల ఎపిసోడ్లు వేస్తారు. ఆడపిల్లల పాత్రల్ని అలంకారానికి వాడటం, ఒక్కోసారి అంతకన్నా హీనంగా గీయడం కూడా ఉంది. మా అమ్మాయే రెండు సీరియల్స్ ఆ కారణానికే సగంలో కట్టేసింది.

ఇంకో జబ్బు కూడా ఉంది, అది మరీ మోసపుచ్చుతుంది. 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' 2025 సెప్టెంబర్‌లో తెలుగులో కూడా విడుదలైంది. బొమ్మల పనితనం చూసి నోరు తెరవాల్సిందే. కానీ దాని కథన సూత్రం ఏమిటి? రాక్షసుడు చచ్చేముందు వాడి పూర్వకథ వస్తుంది. చిన్నప్పుడు ఎంత కష్టపడ్డాడు, ఎవర్ని పోగొట్టుకున్నాడు, ఎందుకు ఇలా అయ్యాడు. అకాజా పూర్వకథ నిజంగా కదిలిస్తుంది. థియేటర్లో ముక్కులు తుడుచుకోవడం వినపడింది. అయినా అది పాత్ర ఎదుగుదల కాదు. ఒక మనిషి గతం మనకి తెలియడం వేరు, ఆ మనిషి మారడం వేరు. మొదటిదానికి ఒక ఫ్లాష్‌బ్యాక్ చాలు. రెండోదానికి కాలం కావాలి, రాసేవాడికి ఓపిక కావాలి, చూసేవాడికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. మన సినిమాల్లో సెకండ్ హాఫ్ మొదట్లో వచ్చే ఫ్లాష్‌బ్యాక్‌ని గుర్తు చేసుకోండి. హీరో ఎందుకు అంత మౌనంగా ఉన్నాడో చెబుతారు. చెప్పేశాక ఆ మౌనం వదిలేసి మునుపటిలాగే నరుకుతాడు.

ఆ రెండో పని చేసిన అనిమే 'విన్లాండ్ సాగా'. మకోతో యుకిమురా మంగా. మొదటి సీజన్ 2019లో, రెండోది 2023లో, చెరో 24 ఎపిసోడ్లు. పదకొండో శతాబ్దపు వైకింగుల కథ. థోర్ఫిన్ అనే ఐస్‌లాండ్ పిల్లాడి కళ్ళముందే తండ్రిని చంపుతారు. చంపించినవాణ్ణి ద్వంద్వయుద్ధంలో చంపాలని ఆ ముఠాలోనే చేరి, వాడి కోసమే హత్యలు చేస్తూ పెరుగుతాడు. పగ కథ. మనకి కొట్టిన పిండి. పల్నాటి నుంచి సీమ సినిమాల దాకా మనం పగతో చేసినన్ని వంటకాలు ఇంకెవరూ చేసి ఉండరు. అయితే మొదటి సీజన్ చివర్లో ఆ శత్రువుని వేరొకడు చంపేస్తాడు. పదేళ్ళకు పైగా పగే ఊపిరిగా బతికినవాడికి చేతిలో పగ లేదు. ఏం మిగిలింది?

రెండో సీజన్ అంతా దానికి జవాబు. డెన్మార్క్‌లో ఒక భూస్వామి దగ్గర బానిసగా అడవి కొట్టి, వేర్లు పీకి, గోధుమ పండించడం. ఎపిసోడ్ల తరబడి ఇదే. అభిమానులు కొందరు విసుక్కున్నారు, ఇది వ్యవసాయదారుల కార్యక్రమమా అని వెక్కిరించారు. నాకైతే అక్కడే కథ మొదలైందనిపించింది. రాత్రుళ్ళు తాను చంపినవాళ్ళు కలలోకి వస్తారు. ముందు అరుపులతో లేస్తాడు, కల గుర్తుండదు. తర్వాత గుర్తుంటుంది. తర్వాత వాళ్ళ మొహాలు కనబడతాయి. ఈ మూడింటి మధ్య ఎన్నో రోజుల దున్నకం, ఒక స్నేహితుడు, మొదటి మొలక. చివరికి రాజుతో ఒక్క మాట మాట్లాడనివ్వమని, అందుకు బదులుగా సైనికుడి చేతి వంద దెబ్బలు తినడానికి ఒప్పుకుని నిలబడతాడు. తిరిగి కొట్టడు. కొట్టగలడని మనకి తెలుసు, మొదటి సీజన్ అంతా చూశాం కదా. వాడికి తన శత్రువు ఎవరూ కాదన్న ఎరుక వస్తుంది. అది మాటగా వచ్చినప్పుడు ఉపదేశంలా లేదు, నలభై చిల్లర ఎపిసోడ్లు మోసిన బరువు దించినట్టుంది. భారతంలో యుద్ధపర్వాల తర్వాత శాంతిపర్వం ఉంది, పర్వాలన్నిటిలోకీ పెద్దది అదే. మన తెరమీద కురుక్షేత్రం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ తర్వాతి పర్వం చూపించే ఓపిక ఒక జపనీస్ టీవీ సీరియల్‌కి ఉండటం నాకు అసూయగానే ఉంది.

పాత్రలు మారితేనే గొప్ప కథ అని కూడా నేను అనను. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ తీసుకోండి. 'తోకచుక్క' నాయకుడిలో చెప్పుకోదగ్గ అంతర్మథనం ఏమీ ఉండదు. అడవి, గుహ, మాంత్రికుడు, చిత్రా గీసిన ఆ భయంకరమైన మొహాలు, సరిగ్గా ప్రాణం పోయే చోట 'ఇంకా ఉంది'. అది చాలు. కథనానికి తనదైన సత్తా ఉంది, పాత్ర పోషణ లేకపోయినా నిలబడుతుంది. తెలుగు చదవడం రాని మా అమ్మాయికి ఆ ఆనందాన్ని నేను ఇవ్వలేకపోయినా 'వన్ పీస్' కొంత ఇచ్చింది. చదివి వినిపిస్తే వింటుంది, నెలకోసారి. కానీ 'ఇంకా ఉంది' అన్నచోట నెల్లాళ్ళు ఆగి ఎదురుచూడటం చదివి వినిపిస్తే వచ్చేది కాదు.

మా ఊరికి సంబంధించిన ఉదాహరణ ఒకటి చెప్పకపోతే ఇరుగుపొరుగు ఒప్పుకోరు. ఇక్కడినుంచి ఉత్తరంగా హైవే మీద వెళ్తే హేవర్డ్స్ దగ్గర డ్రై క్రీక్ రాళ్ళ క్వారీ వస్తుంది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాల్లో హెల్మ్స్ డీప్ కోటని కట్టింది అక్కడే. తర్వాత అదే చోట మినాస్ తిరిత్ కట్టారు. ఇప్పుడు ఏమీ మిగల్లేదు, లారీలూ కంకరా తప్ప. ఆ కోటకి పేరిచ్చిన హెల్మ్ రాజు కథని 2024లో అనిమేగా తీశారు, 'ది వార్ ఆఫ్ ది రోహిరిమ్'. దర్శకుడు కెంజి కమియామా చేయి తిరిగినవాడు, 'ఘోస్ట్ ఇన్ ది షెల్' టీవీ సీరియల్ తీసినవాడు. టోల్కీన్ అనుబంధంలో హెల్మ్ కూతురికి పేరు కూడా లేదు. ఆమెకి హేరా అని పేరుపెట్టి కథానాయికని చేశారు. మంచి ఆలోచన. కానీ సినిమా అంతా పాత సినిమాల వైపు చూస్తూ నడుస్తుంది. అదే కోట, అదే సంగీతపు ఛాయలు. హేరా మొదట ఎలా ధైర్యంగా ఉందో చివరా అలాగే ఉంటుంది. నిబ్బరం, గుర్రపుస్వారీ, అంతే. అనిమే అయినంత మాత్రాన పాత్రలు ఎదిగిపోవని చెప్పడానికి ఇంతదూరం రానక్కర్లేదు గానీ, మా క్వారీ కాబట్టి చెప్పాను.

ఇక నేను ఫోన్లో పేరు చెప్పిన ఆ 28 ఎపిసోడ్ల సంగతి. 'ఫ్రీరెన్'. కనెహితో యమాదా రచన, త్సుకాసా అబే బొమ్మలు. అనిమే 2023 సెప్టెంబర్‌లో మొదలై 2024 మార్చిలో మొదటి సీజన్ ముగిసింది. మామూలుగా ఇలాంటి కథలు ఎక్కడ ముగుస్తాయో ఇది అక్కడ మొదలవుతుంది. రాక్షసరాజుని చంపి నలుగురు వీరులు తిరిగొస్తారు. నాయకుడు హిమ్మెల్, పూజారి హైటర్, మరుగుజ్జు యోధుడు ఐజెన్, మంత్రగత్తె ఫ్రీరెన్. ఆమె ఎల్ఫ్ జాతి మనిషి, వెయ్యేళ్ళకు పైగా బతికినది. పదేళ్ళ ప్రయాణం ఆమె లెక్కలో ఒక వేసవి సెలవులు. ఆ రాత్రి ఉల్కలు రాలడం చూసి, మళ్ళీ యాభై ఏళ్ళకి వచ్చినప్పుడు ఇంకా బాగా కనబడే చోటు చూపిస్తానని చెప్పి వెళ్ళిపోతుంది. చెప్పినట్టే యాభై ఏళ్ళకి వస్తుంది. హిమ్మెల్ ముసలివాడై ఉంటాడు. ఉల్కలు చూస్తారు. కొన్నాళ్ళకి పోతాడు. అంత్యక్రియల దగ్గర ఫ్రీరెన్ కళ్ళలో తడి లేదని జనం గొణుక్కుంటారు. అప్పుడు ఆమెకి ఏడుపొస్తుంది. పదేళ్ళు పక్కన నడిచిన మనిషి గురించి తనకి ఏమీ తెలియదని.

మా నాన్నగారు 2024 ఏప్రిల్‌లో బాపట్లలో పోయారు. రెండు విమానాలు మారి నేనొక్కణ్ణే వెళ్ళి, పెద్దకర్మ చేసి వచ్చాను. మా అమ్మాయి ఏడవలేదు. ఆదివారాలు వాట్సాప్‌లో "ఏం తల్లీ, అన్నం తిన్నావా" అని తాతయ్య అడగడం, ఇది "తిన్నాను తాతయ్యా" అనడం, అక్కడితో ఇద్దరి మాటలూ అయిపోవడం, ఇంతే వాళ్ళ సంబంధం. ఇది ఏడవనందుకు వాళ్ళమ్మ కొంచెం నొచ్చుకుంది. నేనేమీ అనలేదు. జూన్‌లో ఒక చలి సాయంత్రం ఫ్రీరెన్ మొదటి ఎపిసోడ్ పెట్టింది. అంత్యక్రియల సన్నివేశం అయ్యాక ఆపేసింది. కాసేపు ఫోన్లో ఏదో లెక్క వేసుకుంటోందనుకున్నాను.

"మనం ఇండియాకి ఐదుసార్లు వెళ్ళాం కదా నాన్నా. మూడేసి వారాలు. మొత్తం పదిహేను వారాలు. ఫస్ట్ రెండుసార్లు నాకు గుర్తులేవు."

నిజమే, తొమ్మిది వారాలు మిగిలాయి.

"తాతయ్య ఏం పని చేసేవాడు?"

"చేసేవాడు కాదమ్మా, చేసేవారు" అన్నాను, అలవాటుకొద్దీ. తర్వాత చెప్పాను. ఇరిగేషన్‌లో ఓవర్‌సీర్. కొమ్మమూరు కాలువ గట్టు వెంట సైకిలు మీద తిరిగేవారు. నీళ్ళు వదిలే రోజుల్లో రాత్రుళ్ళు కూడా ఇంటికొచ్చేవారు కాదు. చివరి ఊళ్ళకి నీళ్ళందాయో లేదో చూసుకోకుండా నిద్రపట్టేది కాదు. దానికి ఇవేవీ తెలియవు. దానికి తెలిసింది రిటైరైపోయి వాలుకుర్చీలో కూర్చున్న ఆయన ఒక్కరే. ఇంకా అడిగింది. ఏం చదివేవారు, సినిమాలు చూసేవారా, కోపం వచ్చేదా. నాకు తెలిసినవి చెప్పాను. కొన్ని మా అక్కకి ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది. ఆ రాత్రి రెండో ఎపిసోడ్ చూడలేదు.

ఇందులో కన్నీళ్ళ లెక్క నాకు అవసరం లేదు. ఒక కథ పని చేసిందనడానికి ఏది రుజువు అంటే నేను దీన్ని చూపిస్తాను. ఆ సీరియల్‌లో తర్వాత జరిగేదంతా కూడా ఇదే పని. ఫ్రీరెన్ ఆ పాత దారిలోనే మళ్ళీ బయల్దేరుతుంది. ఒక ఊళ్ళో హిమ్మెల్ విగ్రహం శుభ్రం చేస్తుంది. అతని ఊరి నీలిపువ్వుల్ని ఆ విగ్రహం చుట్టూ నాటాలని, దాదాపు ఆరునెలలు ఆ ఒక్క పువ్వు కోసం వెతుకుతుంది. ప్రతి చోటా పాత జ్ఞాపకం ఒకటి వస్తుంది, ఒకటి రెండు నిమిషాలే. జరిగినప్పుడు ఆమెకి అర్థం కానిది ఇప్పుడు అర్థమవుతుంది. గతంలో కొత్త సంఘటన ఏమీ బయటపడదు, పాతదాని అర్థం మారుతుంది, దాంతో ఆమె మారుతుంది. అకాజా ఫ్లాష్‌బ్యాక్‌కీ దీనికీ తేడా అదే. ఆ మార్పు కూడా ఎంత నెమ్మదంటే, ఇరవయ్యో ఎపిసోడ్ దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తే తప్ప తెలియదు. మొహం మాత్రం మొదట్నించీ అదే, దాదాపు కదలని మొహం. నిమ్మలకుంట సీత బొమ్మలాగే.

ఈ మధ్య మా ఇంట్లో ఒక ఆట నడుస్తోంది. మేం జపనీస్ మాటలతో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూస్తాం. జపనీస్‌లో తెలుగులాగే క్రియ చివర్లో వస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో అది ముందే వచ్చేసి, పాత్ర మొహం మారకముందే మనకి విషయం తెలిసిపోతుంది. ఒకరు అన్నమాటని ఇంకొకరు చెప్పేటప్పుడు మనం 'అని' అంటామే, దానికి సరిగ్గా సరిపోయే 'తో' వాళ్ళకుంది. ఫైర్‌ఫ్లైస్‌లో ఆ చిన్నపిల్ల అన్నని పిలిచే పిలుపు ఇంగ్లీషులో చాలాసార్లు ఉత్త పేరైపోతుంది. తెలుగులో అయితే 'అన్నయ్యా' అని అలాగే నిలబడుతుంది. ఇది గమనించిన దగ్గర్నించి బాగా నచ్చిన మాట వస్తే మా అమ్మాయి ఆపుతుంది, ఇద్దరం దాన్ని తెలుగులో అనడానికి ప్రయత్నిస్తాం. చాలావరకు అది తప్పుతుంది, నేను దిద్దుతాను. కొన్నిసార్లు నాకూ దొరకదు.

పెద్ద తగువు మర్యాదల దగ్గర వచ్చింది. ఫ్రీరెన్ హిమ్మెల్‌ని నువ్వు అనాలా, మీరు అనాలా? నాయకుడు కాబట్టి మీరు అనాలన్నాను. అది ఒప్పుకోలేదు. వెయ్యేళ్ళ పెద్దది, అందర్నీ నువ్వే అంటుంది, ముసలివాడయ్యాక కూడా నువ్వే అంటుంది, పోయాక మాత్రం 'హిమ్మెల్ ఉండి ఉంటే ఇలా చేసేవారు' అంటుందట. ఎక్కడ ఏకవచనం ఆగి బహువచనం మొదలవ్వాలో దాని దగ్గర ఎపిసోడ్ నంబరుతో సహా ఉంది. నేను వాదించలేదు.

ఫెర్న్ సంగతి ఇంకా తేలలేదు. ఫెర్న్ అంటే హైటర్ పెంచిన అనాథ పిల్ల, ఫ్రీరెన్‌కి శిష్యురాలు. గురువుని 'ఫ్రీరెన్ సామా' అంటుంది, దానికి 'గారు' సరిపోయింది. అయితే తన ఈడువాడే అయిన స్టార్క్‌ని కూడా 'సామా' అనే పిలుస్తుంది, అలిగినప్పుడూ అంతే, తిట్టేటప్పుడూ అంతే. అంత మర్యాదగా తిట్టడం తెలుగులో ఎలా అని మా అమ్మాయి ప్రశ్న. మా నాయనమ్మ తాతయ్యని "ఏమండీ, తమరు పెద్దమనుషులు, తమకెవరు చెప్పొచ్చారు" అని దులిపేసేదని చెప్పాను. అది రెండుసార్లు పైకి అనుకుంది, మూడోసారి ఫెర్న్ గొంతుతో అంది. సరిపోయింది గానీ, "తమకెవరు చెప్పొచ్చారు" అంటే అర్థమేంటని అడిగింది.